పెన్సెన్‌కు ఏ బీరు

నవంబరు చివర ఒక మంగళవారం, మా చర్చి భోజనాల కమిటీ చూసుకునే వివినా ఫోను చేసింది. ఫోను మోగింది నా వంటింట్లోనే కానీ, మాట్లాడాల్సింది నాతో కాదు. మంగళవారాలు ఆసుపత్రి పని ముగించుకుని మా కోడలు ఒరియాన్ నా దగ్గర సూపు తాగి వెళ్తుందని మా ఊళ్లో అందరికీ తెలుసు.

"మాస్టారూ, ఆ అమ్మాయికి ఇవ్వండి," అంది వివినా.

వివినా ఫోనులో టెలిగ్రాం ఇచ్చినట్టు మాట్లాడుతుంది. ఒరియాన్ "అవునండీ, అవునండీ, అర్థమైందండీ" అని మూడు సార్లు అనేలోపు అటు ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఒరియాన్ రిసీవరు చేతిలో పట్టుకునే కాసేపు నిలబడింది. సూపు మీద ఆవిరి తగ్గిపోతున్నా చూసుకోలేదు.

"ఒప్పుకున్నారు మామయ్యా, వంటకాలు కూడా చెప్పారు," అంది.

క్రిస్మస్ మర్నాడు మధ్యాహ్నం మా పారిష్ హాల్లో పెట్టే భోజనం సంగతి అది. పండగపూట ఇంట్లో ఒంటరిగా కూర్చోవలసిన వాళ్లందరికీ ఆ రోజు అక్కడ ఒక కుర్చీ ఉంటుంది. వంట ఎవరు చేసినా, ఏ వంటకంతో ఏ బీరు పొయ్యాలన్నది మాత్రం చాలా ఏళ్లు నా భార్య అలేనా చూసుకుంది. ఆమె పుట్టింది బీరు దుకాణం నడిపే ఇంట్లోనే. ఆమె పోయాక వచ్చిన క్రిస్మస్‌కు బీరు డిపో వాళ్లు పంపిన మామూలు లేత బీరు క్రేట్లు తెచ్చి బల్ల పక్కన పెట్టారు. ఆ బీరులో తప్పేమీ లేదు, దాహం తీరుస్తుంది. అయితే ఆ బల్ల దగ్గరికి దాహంతో వచ్చేవాళ్లు ఎవరూ లేరు. అందరూ కేకు తినీ తినకుండానే ఇంటికి వెళ్లడానికి తమ కోట్లు వెతుక్కున్నారు.

ఈ ఏడు కూడా డిపో క్రేట్లే అని కమిటీ అనుకుంటూ ఉండగా, ఒరియాన్ నాకు చెప్పకుండా వెళ్లి వివినాను అడిగింది. వివినా ఇచ్చిన జవాబు బేకరీలో నిలబడ్డ నలుగురూ విన్నారు.

"కమిటీ ఒప్పుకుంటే, ఒక్క ఏడాది. బాగుంటే సరే. బాగా లేకపోతే డిపో వాడికి నేనే ఫోను చేస్తా. ఆ తర్వాత ఈ మాట మళ్లీ ఎత్తకూడదు."

ఒరియాన్‌ది మా దేశంలోనే దక్షిణాన అర్డెన్ అడవుల వైపు. ఇంట్లో ఫ్రెంచి. మా అబ్బాయి బావోని పెళ్లి చేసుకుని డచ్ మాట్లాడే ఈ పాయొటెన్‌లాండ్ గుట్టల మధ్యకి వచ్చాక, రాత్రి బడికి వెళ్లి హాలండ్ నుంచి వచ్చిన ఒక పంతులమ్మ దగ్గర డచ్ నేర్చుకుంది. ఆమె డచ్ నా డచ్ కన్నా శుభ్రంగా ఉంటుంది, ఇస్త్రీ చేసిన చొక్కాలాగా. బేకరీ ఆవిడ మర్యాద కొద్దీ ఆమెకు ఫ్రెంచిలో జవాబు చెబుతుంది. ఆ మర్యాదకు ఒరియాన్ నొచ్చుకుంటుందని బేకరీ ఆవిడకు తెలియదు. ఒకసారి సూపు తాగుతూ ఒరియాన్ నాతో అంది: "ఈ ఊళ్లో అందరూ మంచివాళ్లే మామయ్యా. దారి చెబుతారు, బస్సు ఆపుతారు. కానీ నన్ను ఎవరూ ఏదీ అడగరు."

అందుకే ఆ ఫోను ఆమెకు అంత పెద్దదైంది.

*

డిసెంబరు మొదటి ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. బల్ల మధ్యలో మూత పెట్టిన గిన్నె, దాని చుట్టూ రకరకాల బీరు సీసాలు, ఏ బీరుకు ఆ గ్లాసు. మూత తీస్తే బోటి. ఉల్లిపాయలు, క్యారెట్లు వేసి బాగా ఉడికించిన పశువు పొట్ట ముక్కలు. నేను బోటి తిని నలభై ఏళ్లయి ఉంటుంది.

"ఒక ముద్ద తిని, ఒక గుక్క తాగి చెప్పండి," అంది ఒరియాన్. "మళ్లీ ఇంకో ముద్ద, ఇంకో బీరు."

హాల్లో ఏం వండుతున్నారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అలేనా కూడా పళ్లెం బల్ల మీదికి వచ్చేదాకా ఎవరికీ చెప్పేది కాదు. ఈ పిల్ల నాలుకకు సాన పెట్టుకుంటోందనీ, క్రిస్మస్ ముందు ఆదివారాల్లో బోటి తినడం అర్డెన్ వాళ్ల ఆచారమనీ అనుకున్నాను. దూరం నుంచి వచ్చిన పిల్ల తన ఊరి వంట చేసుకుంటే ఎందుకని అడగడం ఏం మర్యాద? రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

మరుసటి ఆదివారం కూడా బోటే. తలుపు దగ్గర కోటు అందుకుంటూ మా అబ్బాయి నా చెవిలో అన్నాడు:

"నాన్నా, ఈసారి ఏదైనా తినేసి రావాల్సింది."

"ఎందుకురా, బాగానే వండుతోందిగా."

"బాగానే వండుతోంది. మంగళవారం కూడా బాగానే వండింది. శుక్రవారం కూడా."

"ఇంటి మీద బెంగేమో."

"నేనూ అదే అనుకుని నోరు మూసుకున్నా."

ఒరియాన్ మాత్రం మా మొహాలే చూస్తూ కూర్చుంది. మెత్తని గోధుమ బీరు పోసింది, బోటి వాసన దాన్ని మింగేసింది. ఎర్ర బీరు పోసింది, నోట్లో జిడ్డు అలాగే మిగిలింది. చివరికి మా గుట్టల బీరు తీసింది. గ్యోజ్ అంటాం దాన్ని. గాలిలోని ఈస్టుతోనే పులిసి, పీపాల్లో ఏళ్ల తరబడి పడుకుని, నాలుక అంచుల్ని నిమ్మకాయలాగా పట్టుకునే బీరు. అది తాగాక నోరు కడిగినట్టయింది.

"ఇదే," అంది. "కానీ ఇంకా కటువైనది కావాలి."

దాని కోసం ఆమెను నేనే కారులో తీసుకెళ్లాను. గుట్ట అవతల ఒకాయన పాత పీపాల బీరూ కొత్త పీపాల బీరూ కలిపి సీసాల్లో నింపుతాడు. ఆయన నేలమాళిగలో సీసాలు అడ్డంగా పడుకుని ఉంటాయి. ప్రతి సీసా పైవైపున సున్నపు గీత ఒకటి ఉంటుంది. ఎప్పుడు తీసినా గీత పైకే ఉండేలా తియ్యాలి. అడుగున పేరుకున్న మడ్డి కదిలితే ఆ పడుకున్న ఏళ్లన్నీ వృథా. ఒరియాన్ సీసాల్ని నిద్రపోతున్న పసిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తి బుట్టలో పెట్టింది. ఆయన అది చూసి, లోపలి గదిలోంచి ఇంకొక పాత సీసా తెచ్చి రుచి చూపించాడు.

"ఇది చాలా పదునమ్మా," అన్నాడు. "పండగ భోజనానికైతే ఆ ముందు వరసలోది తీసుకో, మెత్తగా ఉంటుంది. దీనితో ఏం వడ్డిస్తున్నారేంటి?"

"చెప్పకూడదండీ."

"సరే. ఆ వంటకం గట్టిదే అయి ఉండాలి మరి."

"గట్టిదే," అంది ఒరియాన్. హాలు మొత్తానికి సరిపడా ఆ పదును బీరే తీసుకుంది.

*

క్రిస్మస్ మర్నాడు వాన. మా వైపు క్రిస్మస్‌కు మంచు పడేది గ్రీటింగు కార్డుల మీద బొమ్మల్లోనే. నేను పొద్దున్నే హాలుకు వెళ్లేసరికి ఎవరో అప్పటికే వచ్చి, గొడుగులు పెట్టుకోవడానికి పాల డబ్బా ఒకటి తలుపు దగ్గర పెట్టి ఉంచారు. మోకాళ్ల నొప్పులున్న నెస్ట్ ముసలాయన కుర్చీని హీటరు పక్కకి జరిపి, దాని మీద మెత్త వేశారు. ఎవరు చేశారో అడిగితే ఎవరూ చెప్పరు. ఇలాంటివి చెయ్యి ఎవరిదో తెలియకుండానే జరుగుతాయి మా ఊళ్లో.

వంటింట్లో ఫిర్మిన్ చొక్కా చేతులు పైకి మడిచి పని మీద ఉన్నాడు. మా ఊరి కసాయి దుకాణం ఆయనదే, ఇప్పుడు కూతురు నడుపుతోంది. వివినా గ్లాసులు వెలుగుకు ఎత్తి మచ్చలు చూస్తోంది. ఒరియాన్ సీసాల బుట్టలు ఒక్కొక్కటే తెచ్చి కిటికీ కింద చల్లటి రాతి మీద దించి, ఊపిరి పీల్చుకుంది. తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చి పెద్ద గిన్నె మూత ఎత్తింది. మూసింది. రెండోదాని మూత ఎత్తింది.

"ఫిర్మిన్ గారూ, బోటి ఎక్కడ?"

"ఏ బోటి?"

"మొదటి వంటకం."

"మొదటి వంటకం నీ చెయ్యి కిందే ఉందిగా."

ఆమె చెయ్యి కింద ఉన్నవి సాసేజ్‌లు. నెత్తురూ కొవ్వూ కలిపి పేగులో కుక్కిన నల్లవి, పాలూ రొట్టే కలిపిన తెల్లవి, పక్కపక్కన నిగనిగలాడుతూ ఉన్నాయి. పక్క గిన్నెలో ఉడికించిన యాపిల్ గుజ్జు.

"వివినా గారు పెన్సెన్ అన్నారు," అంది ఒరియాన్ మెల్లగా.

"మరి ఇవేంటి? ఇవే పెన్సెన్. మా తాత నాటి నుంచీ ఇవే పెన్సెన్."

అప్పుడు నాకు అన్ని ఆదివారాలూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మా వైపు పెన్సెన్ అంటే ఈ సాసేజ్‌లే, పుట్టిన పిల్లాడిక్కూడా తెలుసు. హాలండ్ వాళ్ల పుస్తకాల డచ్‌లో మాత్రం పెన్స్ అంటే పొట్ట, బోటి. రాత్రి బడిలో నేర్చుకున్న పిల్ల ఇంకేం అనుకుంటుంది?

వివినా గ్లాసు దించింది.

"పెన్సెన్ అంటే బోటి అని నీకెవరు చెప్పారు?"

"నిఘంటువు."

"ఎవరి నిఘంటువు?"

"హాలండ్‌లో అచ్చయింది."

"హాలండ్ వాళ్లకి తిండి గురించేం తెలుసమ్మాయ్? మధ్యాహ్నం పూట నిలబడి రొట్టె ముక్కలో జున్ను పెట్టుకు తినే మనుషులు." వివినా చేతిలోని గుడ్డను భుజాన వేసుకుంది. "సరే, నెత్తిన పిడుగేం పడలేదు. వెనక గదిలో డిపో క్రేట్లున్నాయి. ఎందుకైనా మంచిదని తెప్పించి ఉంచా. మొదటి వంటకానికి అవి పోసేద్దాం."

ఎగతాళిగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా బరువుగా పడింది. మొదటి వంటకానికి క్రేటు బయటికి వస్తే, రెండోదానికి లోపలికి వెళ్లదు. వచ్చే ఏడు అసలు ఎవరూ ఒరియాన్‌ని తలుచుకోరు. ఆ సంగతి వంటింట్లో ఉన్న నలుగురికీ తెలుసు. నేను ఏదైనా అందామని నోరు తెరిచాను. ఒరియాన్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"కాసేపు ఆగండి," అంది వివినాతో. "ముందు తిని చూస్తాను."

నల్ల సాసేజ్ ఒక ముక్క కోసింది. పక్కన యాపిల్ వేసుకుంది. సీసాను గీత పైకే ఉంచి, కార్కు తీసి, గ్లాసులో రెండు వేళ్ల ఎత్తున పోసింది. తింది, తాగింది. ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. గ్లాసు నాకిచ్చింది. నేనూ అలాగే చేశాను. ఫిర్మిన్ యాపిల్ పులుపు, పాత గ్యోజ్ పులుపు ఒకదానికొకటి ఎదురుపడి నా దవడల దగ్గర కొట్టుకున్నాయి. సాసేజ్ ఎటు పోయిందో తెలియలేదు.

వివినా కూడా రుచి చూసింది. "పళ్లు జివ్వుమన్నాయి," అంది. వెనక గది వైపు ఒక అడుగు వేసింది.

"ముందు వరసలోది తెచ్చి ఉంటే," అన్నాను నేను. ఆ నేలమాళిగ ఆయన తీసుకోమన్న మెత్తటి రకం గుర్తొచ్చి.

"తేలేదుగా మామయ్యా. బీరు సీసాలో ఉంది, దాన్ని నేనేం చెయ్యలేను." ఒరియాన్ గిన్నె వైపు చూసింది. "యాపిల్ ఇంకా పొయ్యి మీదే ఉంది."

ఫిర్మిన్ గరిటె పట్టుకునే వెనక్కి తిరిగాడు.

"నా యాపిల్‌లో చక్కెర పడదు."

"నేనింకా ఏమీ అనలేదు."

"అనబోతున్నావుగా. మా అమ్మ వెయ్యలేదు, నేనూ వెయ్యను. ఇవి పుల్లగా ఉండాలనే ఈ చెట్టువే కోశాను."

"మీ అమ్మగారు ఈ యాపిల్‌తో ఏం తాగేవారు?"

ఫిర్మిన్ ఆలోచించాడు. "కాఫీ."

"కాఫీలో?"

"చక్కెర చాలా వేసుకునేది," అని ఒప్పుకున్నాడు ఫిర్మిన్. ఆ మాటకు వివినా గుడ్డ చాటున మూతి దాచుకుంది.

ఒరియాన్ ఆయనతో వాదించలేదు. చిన్న పెనం ఒకటి దించి వెన్న వేసింది. వెన్న నురగ కట్టి, ఆ నురగ అణిగాక, గోధుమరంగు కండ చక్కెర గుప్పెడు వేసి కరగనిచ్చింది. దాని మీద రెండు గరిటెల యాపిల్ మాత్రమే తీసుకుని కలిపింది. పెద్ద గిన్నె జోలికి వెళ్లలేదు. పెనంలో అంచులు ఎర్రబడి, వంటిల్లంతా కాలిన చక్కెర వాసన వచ్చింది. ఒక చిన్న పళ్లెంలో నల్ల ముక్క, ఆ యాపిల్, పక్కన గ్యోజ్ పెట్టి ఫిర్మిన్ ముందుకు జరిపి, తను సీసాల దగ్గరికి వెళ్లి నిలబడింది.

ఫిర్మిన్ తిన్నాడు. తాగాడు. నములుతూ కిటికీలోంచి వాన చూశాడు. మళ్లీ ఒక ముక్క కోసుకున్నాడు.

"దాల్చినచెక్క వేశావా?"

"లేదు."

"ఏదో వాసన ఉంది."

"అది బీరుదే. ఇందాక తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది."

ఫిర్మిన్ పళ్లెం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, పెద్ద గిన్నె కింద మంట పెంచాడు.

"నువ్వు వేసినంత వెన్న ఇంత గిన్నెకి చాలదు," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "ఆ డబ్బా ఇటియ్యి."

వివినా తనూ ఒక చెంచా తీసుకుని రుచి చూసింది. చెంచా కడిగి పెట్టి, "హాల్లో నువ్వే చెప్పు," అంది ఒరియాన్‌తో. "అలేనా చెప్పేది, ఏం తాగుతున్నారో, ఎందుకో. నేను వెనక తలుపు దగ్గర ఉంటా. నలుగురు మొహం చిట్లిస్తే క్రేట్లు తెస్తా. మనసులో పెట్టుకోకు."

*

హాలు నిండింది. భార్య పోయిన పాల వ్యాపారి, పెళ్లి మాట మరిచిపోయిన రైతు అన్నదమ్ములు, రాత్రి డ్యూటీ చేసి నిద్రపోకుండా వచ్చిన నర్సు, టీచరమ్మగా నా పక్క గదిలోనే పాఠాలు చెప్పిన క్లోతిల్డ్, మెత్త మీద నెస్ట్. ఫిర్మిన్ పళ్లేలు పంపించాడు. బల్ల మీద బరువైన పొట్టి గ్లాసులు, గ్యోజ్ గ్లాసులు, ఖాళీగా ఎదురుచూస్తున్నాయి.

ఒరియాన్ బల్ల చివర నిలబడింది. గీత పైకి ఉన్న సీసా చిన్న బుట్టలో పడుకుని ఆమె చేతిలో ఉంది. మాటలు మెల్లగా ఆగాయి. నేను నా రుమాలు మడతపెట్టాను, విప్పాను, మళ్లీ మడతపెట్టాను.

"ఇది పాత గ్యోజ్," అంది. "దీన్ని నేను బోటి కోసం తెచ్చాను."

అందరూ పళ్లేల వైపు చూసుకున్నారు.

"వివినా గారు పెన్సెన్ అన్నారు. నాకు పుస్తకంలో పెన్స్ అంటే బోటి. నెల రోజులుగా మా ఆయనకీ, మా మామయ్యకీ బోటి వండి పెట్టి ఏ బీరు సరిపోతుందో చూశాను. వాళ్లు తిన్నారు. ఒక్కళ్లూ ఒక్క మాట అడగలేదు."

అన్ని తలలూ నా వైపు తిరిగాయి.

"నిజమా మాస్టారూ?" అంది క్లోతిల్డ్.

"ప్రతి ఆదివారం," అన్నాను. "అర్డెన్‌లో ఆచారమేమో అనుకున్నా."

ముందు రైతు అన్నదమ్ముల్లో చిన్నవాడు నవ్వాడు. ఆ మనిషి నవ్వడం నేను చర్చిలో గాని సంతలో గాని చూడలేదు. తర్వాత బల్లంతా నవ్వింది. నర్సు నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. ఒరియాన్ నిలబడే ఉంది, చెవులు ఎర్రబడ్డాయి, అయినా తల దించలేదు.

"నవ్వకండి," అన్నాడు నెస్ట్ హీటరు పక్క నుంచి. "ఆ పిల్ల చెప్పింది తప్పేం కాదు."

నెస్ట్ వయసులో ఉండగా షార్లరోయి వైపు బొగ్గు గనుల్లో పనిచేశాడు.

"మా గనిలో ఫ్రెంచి వైపు మనిషి, ఒక వలోన్ ముసలాయన నా పక్కనే తవ్వేవాడు. క్రిస్మస్‌కి ఇంటి నుంచి డబ్బాలో తెచ్చి సగం నాకు పెట్టేవాడు. ఇదే, ఈ నల్లదే. వాళ్ల మాటలో దాని పేరు త్రిప్. నల్ల త్రిప్. తర్వాత ఒకసారి బ్రస్సెల్స్ హోటల్లో ఆ పేరే చెప్పి అడిగితే బోటి తెచ్చి ముందు పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది."

ఒరియాన్ చేతిలోని సీసా కొంచెం వంగింది. వెంటనే సర్దుకుంది.

"మా అమ్మమ్మ," అంది. ఆగింది. "మా అమ్మమ్మ కూడా త్రిప్ అనేది. నల్ల త్రిప్, తెల్ల త్రిప్. బడిలో ఫ్రెంచి టీచరు అది తప్పని చెప్పి మాన్పించింది. త్రిప్ అంటే బోటి, దీని పేరు వేరే అని."

"మీకూ అంతేనా," అంది క్లోతిల్డ్.

"మాకూ అంతే. పొట్ట పేరే పెట్టుకున్నాం. మీరు మీ వైపు, మేం మా వైపు." ఆమె ఇప్పుడు నెస్ట్‌నే చూస్తూ మాట్లాడుతోంది. "అది గుర్తుంటే నిఘంటువు తెరిచేదాన్నే కాదు."

"సరే, బీరు పొయ్యి మరి," అన్నాడు నెస్ట్. "మాటలతో చల్లారిపోతోంది."

ఆమె పోసింది. సీసాను నిలబెట్టకుండా, కుదపకుండా, ఒక్కో గ్లాసూ వంచి పట్టుకుని, బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మడ్డి కదల్లేదు. బీరు తేనెరంగులో తేటగా నిలబడింది. "యాపిల్ ముందు, బీరు తర్వాత," అని ప్రతివాళ్లకూ చెప్పింది. ముందు మాట వినని రైతు పెద్దన్న ఉత్త బీరే తాగి మొహం చిట్లించాడు. నేను వెనక తలుపు వైపు చూశాను. వివినా చెయ్యి గడియ మీద ఉంది. తమ్ముడు అన్న పళ్లెంలోంచి యాపిల్ తీసి చెంచాతో అన్న నోటికి అందించాడు, కోడెదూడకు మందు పట్టినట్టు. అన్న మింగి, మళ్లీ తాగి, తమ్ముడి చేతిలో చెంచా లాక్కున్నాడు.

ఆ తర్వాత చాకులు, ఫోర్కుల చప్పుడు, వాన చప్పుడు. చేతులు వణికే పాల వ్యాపారికి నర్సు మాట్లాడకుండా సాసేజ్ ముక్కలు కోసి పెట్టి, తన పళ్లెం వైపు తిరిగిపోయింది. కాసేపటికి రొట్టె ముక్కలతో పళ్లేలు తుడిచే దశ వచ్చింది. నెస్ట్ గ్లాసు ముందుకు తోశాడు, ఇంకోసారి అన్నట్టు. క్లోతిల్డ్ తోసింది. నా చెయ్యి కూడా దానంతట అదే గ్లాసును తోసింది.

వెనక తలుపు దగ్గర ఎవరూ లేరు. చూస్తే వివినా బల్ల దగ్గర, క్లోతిల్డ్ పక్కన కూర్చుని ఉంది. ఇన్నేళ్లలో ఆ భోజనానికి ఆమె కూర్చోవడం నేను చూడలేదు. ఎప్పుడూ నిలబడే తినేది. పళ్లెంలో యాపిల్ ఒక పక్క, నల్లది ఒక పక్క పెట్టుకుని, ఒక్కో ముద్దకీ ఒక్కో గుక్క కొలిచినట్టు తాగుతోంది.

తర్వాత ఎండు ఆల్‌బుఖరా పళ్లు వేసి వండిన కుందేలు వచ్చింది. దానితో ఒరియాన్ వాళ్ల వైపు మఠంలో సాధువులు కాచే నల్ల బీరు, పాదమున్న వెడల్పాటి గ్లాసుల్లో. కుందేలు పులుసులోని తీపిని ఆ బీరు చెయ్యి పట్టుకుని నడిపించింది. దాని గురించి ఆమె చెప్పిన మాటల్లో ఎక్కడా బెరుకు లేదు. తన ఊరి వాగు గురించి, ఆ వాగు పక్కన ఉదయం పూట వచ్చే మాల్టు వాసన గురించి రెండే వాక్యాలు చెప్పింది. అంతా మెత్తగా తలూపారు. దుంగ ఆకారపు కాఫీ కేకుతో పుల్ల చెర్రీల బీరు, సన్నటి పొడుగు గ్లాసుల్లో. అప్పటికి బయట వీధి దీపాలు వెలిగాయి. రైతు అన్నదమ్ములు ఎప్పుడో చనిపోయిన గుర్రం గురించి వాదించుకుంటున్నారు. నర్సు రెండు కుర్చీలు కలిపి వాటి మీద నిద్రపోయింది. ఆమె మీద ఎవరిదో కోటు కప్పి ఉంది. తమ కోటు కోసం మాత్రం ఎవరూ లేవలేదు.

అలేనా ఉండి ఉంటే అని నేను అనుకోలేదు. అనుకోకపోవడం నాకే ఆశ్చర్యమైంది. ఆ మధ్యాహ్నమంతా ఆ బల్ల ఒరియాన్‌దే అయింది, నా కళ్లు ఆమె వెంటే తిరిగాయి. నాలుగు తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పి ఎందరి విజయాలో చూశాను గానీ, తన తప్పును తనే తెచ్చి నిండు బల్ల ముందు పెట్టి, దాంతోనే అందరికీ వడ్డించిన మనిషిని చూడలేదు. ఆమె మా ఇంటి పిల్ల అని గట్టిగా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలి, అందరికీ తెలిసిందే. అయినా పక్కనున్న నెస్ట్‌తో అన్నాను:

"మా కోడలు."

"తెలుసు మాస్టారూ," అన్నాడు నెస్ట్. "ఇందాకటి నుంచీ నాలుగోసారి చెబుతున్నారు."

*

గ్లాసులు కడిగే పని మొదలైంది. ఫిర్మిన్ కడుగుతున్నాడు, నేను తుడుస్తున్నాను, ఒరియాన్ ఏ బీరు గ్లాసుల్ని ఆ పెట్టెలో సర్దుతోంది. వివినా లోపలికి వచ్చి, చేతులు తుడుచుకుని, కాసేపు గోడ మీది క్యాలెండరు చూసింది.

"ఫిబ్రవరి రెండున కొవ్వొత్తుల పండగ పాన్‌కేకులు," అంది క్యాలెండరుతోనే. "ప్రతి ఏడూ కాఫీయే పోస్తున్నాం. ఎందుకో తెలీదు."

ఫిర్మిన్ కుళాయి కొంచెం కట్టాడు.

"ఆ పాన్‌కేకులతో ఏం తాగితే బాగుంటుంది, అమ్మాయ్?"

ఒరియాన్ చేతిలో పొడుగు గ్లాసు ఉంది. దాన్ని పెట్టెలో పెట్టి, మూత వేసి, వివినా వైపు తిరిగింది.

"చెబుతాను. ముందు మీరొకటి చెప్పండి. ఈ ఊళ్లో పాన్‌కేక్ అంటే ఏంటి?"

వివినా ఆమె మొహం కేసి చూసింది. తర్వాత భుజాలు ఊగేలా నవ్వింది.

"గోధుమపిండి, గుడ్లు, పాలు," అంది నవ్వు ఆగాక. "సగం పాలు, సగం బీరు."

"బీరా?" అన్నాడు ఫిర్మిన్. "బీరు వేస్తే తోలులాగా సాగుతాయి. ఉత్త పాలే."

"నీ పాన్‌కేకులు దుప్పట్లు, నువ్వూరుకో."

"దుప్పట్లంటే గుర్తొచ్చింది, పోయిన ఏడు నీవి చిరుగుతుంటే జామ్ పెట్టి అతికించుకు తిన్నాం."

"పిండి ఎంత పలచగా ఉండాలి?" అని అడిగింది ఒరియాన్.

వివినా ఫిర్మిన్‌ని మోచేత్తో పక్కకి జరిపి, సింకులోంచి గరిటె నిండా సబ్బు నీళ్లు తీసుకుంది. ఎత్తుగా పట్టుకుని, మణికట్టు వంచి, సన్నటి తాడులాగా మళ్లీ సింకులోకి వదిలింది.

"ఇలా పడాలి."

"అంత పలచగానా," అన్నాడు ఫిర్మిన్.

ఒరియాన్ వాళ్లిద్దరి మధ్య చోటు చేసుకుని సింకు మీదికి వంగింది.

"ఇంకోసారి పొయ్యండి," అంది. "నేను సరిగ్గా చూడలేదు."